తాళాలాయనకు శిక్ష వేసిందెవరు

తాళాలాయనకు మూడేళ్ళు వేసింది మేజిస్ట్రేటు కాదు, మేడ మీది టకటకమ్మే అని మన వీధిలో ఇప్పటికీ అంటున్నారు. మందుల షాపు మెట్ల మీద ఒకరు అంటే, ఇస్త్రీ బల్ల దగ్గర ఇంకొకరు దానికి తోక తగిలిస్తున్నారు. రెండూ తప్పే. పడింది మూడేళ్ళు కాదు, వేసింది టకటకమ్మా కాదు. ఈ మాట ఎక్కడ పుట్టిందో, దానికి కాళ్ళెలా వచ్చాయో తాళాలాయన భార్యకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే దాన్ని కన్నది ఆవిడే.

ఆవిడను చిన్నప్పటి నుంచీ సూదిపిల్ల అంటారు. నలభై రెండేళ్ళొచ్చాయి, కళ్ళజోడొచ్చింది, అయినా ‘పిల్ల’ మాత్రం పోలేదు. టైలరత్త షాపులో దిండు గలీబుల మీద, గౌన్ల మెడల చుట్టూ పూలు కుడుతుంది. నోట్లో సూది పెట్టుకునే మాట్లాడుతుంది. చూపూ అలాంటిదే. ఎవరి మీద పడినా గుచ్చుకుంటుంది.

ఆ చూపు ఎక్కువగా పడేది పైవాటా టకటకమ్మ మీద. ఆవిడకు యాభై ఆరు. కింది క్రిమినల్ కోర్టులో టైపిస్టు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే కుర్చీ, అదే మూల, అదే మిషను. కంప్యూటరు ఒకటి ఇచ్చారుగానీ దాని ప్రింటరు రిపేరుకని వెళ్ళి రెండేళ్ళయింది, ఇంకా రాలేదు. అందుకని కార్బన్ కాగితాలు పెట్టి మూడు కాపీలు కొట్టడం ఆ కోర్టులో ఇప్పటికీ నడుస్తోంది.

వాళ్ళ నాన్న టైపు మిషన్లు బాగుచేసేవాడు. ఏడో తరగతితో బడి మానేసిన కూతురు పక్కన కూర్చుని స్క్రూలు అందించేది. బిగించిన మిషను సరిగ్గా కొడుతోందో లేదో చూడటం ఆ పిల్ల పని. అలా ఊళ్ళో ప్రతి మిషనూ ఆ వేళ్ళ కిందుగానే బయటికి వెళ్ళింది. వేళ్ళకు ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. మెట్ల కమ్మీ మీద, టీ గ్లాసు మీద, ఆఖరికి ఎవరైనా చావుకబురు చెబుతుంటే తలుపు రెక్క మీద కూడా టకటకమని కొడుతూనే ఉంటాయి. పేరు అలా వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, “అడిగినవాడికి నా చప్పుడు నచ్చలేదు, అడగనివాడికి నేను తెలియదు” అని నవ్వేసేది.

ఒక్క కోర్టు సంగతి తప్ప ఏదైనా మాట్లాడుతుంది. దానికీ ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్కింటి ఆవిడ తమ్ముడి కేసు ఆ కోర్టుకే వచ్చింది. ఆ అక్క ఏడుస్తుంటే చూడలేక, “ఏం పర్వాలేదులెండి, మా కోర్టు మూడేళ్ళకు మించి వేయలేదు” అంది టకటకమ్మ. ఆ మాట నిజమే. కింది కోర్టుకు మూడేళ్ళ వరకే అధికారం. కానీ మూడేళ్ళు చాలవని మేజిస్ట్రేటుకు అనిపిస్తే ఏం చేస్తాడో ఆ పిల్లకు అప్పటికి తెలియదు. ఆయన శిక్ష వేయలేదు. కాగితాలన్నీ కట్టగట్టి పై కోర్టుకు పంపేశాడు. అక్కడ ఏడేళ్ళు పడింది. పక్కింటావిడ మేడ కిందికొచ్చి నిలబడి, వీధి వీధంతా వినేలా తిట్టి పోసింది. ఆ రోజుతో ఆ నోటికి తాళం పడింది. వీధిలో వాళ్ళ కేసు తన కోర్టుకొస్తే ఆ ఇంటికి రాకపోకలు కూడా బంద్. కేసు తెగాకే మళ్ళీ పలకరింపు.

ఈ నియమం తనకు తాను పెట్టుకున్నదే, ఎవరికీ చెప్పలేదు. తగాదా అక్కడే వచ్చింది.

ఇక తాళాలాయన కేసు. ఒక మధ్యాహ్నం టై కట్టుకున్న మనిషొకడు వచ్చాడు. “తాళంచెవి లోపల మరిచిపోయి తలుపు లాగేశానండీ, కాస్త తీసిపెడతారా” అన్నాడు. ఈయన వెళ్ళి రెండు నిమిషాల్లో తీశాడు. ఇల్లు ఆ టై మనిషిది కాదు. సాయంత్రానికి ఆ ఇంట్లో బీరువా ఖాళీ. టై మనిషి దొరకలేదు, తలుపు తీసినవాడు దొరికాడు. “ఇల్లెవరిదని అడగలేదా?” అంటే, “టై కట్టుకున్నాడు కదండీ” అన్నాడు పోలీసుల ముందు. ఆ మాట విన్నప్పుడే సూదిపిల్ల నుదురు కొట్టుకుంది.

తాళాలాయన బెయిలు మీద ఇంటికొచ్చాక కేసు టకటకమ్మ కోర్టుకొచ్చింది. వచ్చిన మర్నాడే ఆవిడ కింది వాటాకు రావడం మానేసింది. అంతకుముందు వారానికి రెండుసార్లైనా ఇద్దరి గిన్నెలు మెట్లెక్కేవి, దిగేవి. ఒట్టి గిన్నె తిరిగి పంపడం ఆ ఇద్దరికీ తెలియదు. అలాంటిది ఒకరోజు పొద్దున తలుపు తీస్తే, గడప పక్కన తన గిన్నె కనిపించింది. కడిగి, తుడిచి, బోర్లించి ఉంది. కింద ఏమీ లేదు.

“చూశారా?” అంది మొగుడితో. “మనల్ని బోర్లించేసింది.”

“గిన్నెకెన్ని అర్థాలే నీకు,” అన్నాడాయన తాళంలో నూనె వేస్తూ.

“మీరు తలుపు తీసేముందు ఒక్క అర్థమైనా వెతికుంటే నాకీ బాధ ఉండేది కాదు.”

ఆ రోజు నుంచి సూదిపిల్లకు కునుకు లేదు. టకటకమ్మ ఎన్నింటికి వెళ్తోంది, ఎవరితో వస్తోంది, సంచీ బరువుగా ఉందా తేలిగ్గా ఉందా, అన్నీ చూసింది. మెట్ల మీద ఎదురైతే టకటకమ్మ తల తిప్పుకునేది. తల తిప్పుకున్న మనిషి మనసులో ఏదో ఉండే ఉంటుందని సూదిపిల్ల గట్టి నమ్మకం. తీర్పు సోమవారం అని తెలిసిన వారం, బుధవారం సాయంత్రం టకటకమ్మ కోర్టు నుంచి వచ్చి మెట్ల కమ్మీ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటోంది. సూదిపిల్ల తలుపు సందులో నుంచి చూస్తోంది. కమ్మీ మీద వేళ్ళు ఆడాయి. ఉన్నట్టుండి వేళ్ళన్నీ ఆగిపోయి, బొటనవేలు ఒక్కటే కొట్టింది. సూదిపిల్ల లెక్కపెట్టింది. ఎనిమిది. టకటకమ్మ ఒక క్షణం ఆగి, తల ఊపుకుని, పైకెళ్ళిపోయింది.

“ఎనిమిదేమిటండీ?” అని మొగుణ్ణి లేపింది సూదిపిల్ల.

“ఎనిమిదింటికి లేపు,” అని అటు తిరిగి పడుకున్నాడాయన.

మర్నాడు గురువారం. టైలరత్త షాపు. గుడ్డ మీద పువ్వు దించాలంటే కింద కార్బన్ కాగితం పెట్టి, పైన బొమ్మ పెట్టి, పెన్సిలుతో గీయాలి. కొత్త కార్బన్ కొనడం టైలరత్తకు ఇష్టం లేదు. కోర్టు బంట్రోతు ఆవిడ చెల్లెలి మొగుడు. టైపిస్టు వాడి పడేసిన కార్బన్లు బుట్టలో నుంచి ఏరి, వారానికో కట్ట తెచ్చిస్తాడు. ఆ సంగతి టకటకమ్మకు తెలియదు. సూదిపిల్లకు కూడా అప్పటిదాకా ఆ కాగితాలు ఎక్కడివన్న ఆలోచనే రాలేదు.

నలుపు ఎక్కడ మిగిలిందో చూద్దామని ఒక కార్బన్ తీసి కిటికీకి పట్టింది. వెలుతుర్లో అక్షరాలు తెల్లగా మెరిశాయి. మూడు నాలుగుసార్లు వాడినది. ఒక వరుస మీద ఇంకో వరుస పడి, అంతా గజిబిజి. ఆ గజిబిజిలో ఒకచోట ‘తాళములు బాగుచేయు వృత్తి’ అని ఉంది. నోట్లో సూది కదిలింది. ఇంకా కిందికి వెళ్ళింది చూపు. ‘మూడు సంవత్సరముల’ అని ఉంది. తర్వాతిది చదవడానికి వీల్లేదు.

“ఏమేవ్, పువ్వు దించమంటే పత్రిక చదువుతున్నావేం?” అంది టైలరత్త.

సూదిపిల్ల ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. “కడుపులో నొప్పిగా ఉందత్తా” అని ఇంటికొచ్చేసింది. నొప్పి కడుపులో కాదు.

తీర్పు సోమవారం. ఇవాళ గురువారం. అప్పుడే మూడేళ్ళని కొట్టేసి కూర్చున్నారు! కొట్టింది ఎవరు? గిన్నె బోర్లించిన మనిషి.

కాగితం చూసి తాళాలాయన చేతిలోని తాళం కింద పెట్టేశాడు. “తలుపు తీసినందుకు మూడేళ్ళా?” అన్నాడు. శనివారం మధ్యాహ్నం పని సంచీ భుజానికేసుకుని, ఎక్కడో అల్మారా తాళం పడిందని చెప్పి వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఆదివారం పొద్దున వాళ్ళక్క ఫోన్ చేసి, “ఇక్కడే ఉన్నాడు, తిండి తినడం లేదు, తాళాలన్నీ ఊడదీసి మళ్ళీ బిగిస్తున్నాడు” అంది. టైలరత్తకు మాత్రం సూదిపిల్ల కార్బన్ చూపించి ఏడ్చింది. ఆ సాయంత్రానికి మందుల షాపు మెట్ల దాకా పాకింది మాట. ఇదిగో, ఇలా పుట్టింది.

సోమవారం సూదిపిల్ల ఒక్కతే కోర్టుకెళ్ళింది. తాళాలాయన పేరు మూడుసార్లు పిలిచారు. మేజిస్ట్రేటు కళ్ళజోడు సవరించుకుని, “గురువారానికి వాయిదా. వారంటు ఇవ్వండి” అన్నాడు. మూలన టకటకమ్మ తల ఎత్తలేదు. వేళ్ళు మాత్రం ఆగాయి.

బయట చెట్టు కింద వాళ్ళ లాయరు కార్బన్ కాగితాన్ని ఎండకు పట్టి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

“ఇది నాకివ్వండమ్మా. ముద్దాయిని శిక్ష గురించి ఒక్క మాటైనా అడక్కుండానే తీర్పు కొట్టి పెట్టుకున్నారని పిటిషన్ వేస్తాను. కేసు వేరే కోర్టుకు మారుతుంది.”

“మరి ఆ టైపిస్టు?”

“కాగితం బయటికొచ్చింది ఆవిడ బల్ల మీద నుంచే కదా. ఉద్యోగం పోతుంది. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి, పెన్షన్ కూడా ఉంటుందో ఉండదో. అది మనకెందుకు?”

“ఆలోచించుకుని బుధవారం ఇస్తాను సార్,” అంది సూదిపిల్ల. ఎందుకలా అందో ఆవిడకే తెలియదు. టకటకమ్మ మీద జాలి మాత్రం కాదు. చేతిలో ఉన్న కాగితాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడమంటేనే అనుమానం ఆవిడకు. లాయరు ముఖం మరీ అంతగా ఎందుకు వెలిగింది?

ఆ సాయంత్రం పైకెళ్ళి తలుపు కొట్టింది. టకటకమ్మ తలుపు జానెడు తెరిచింది.

“మా ఆయన పారిపోయాడక్కా.”

“గురువారం రమ్మను,” అని తలుపేసేసింది.

గురువారం రమ్మంటుందేమిటి? పట్టించడానికా? బాగు కోరా? జానెడు సందులో కనిపించిన ఆ సగం ముఖాన్ని సూదిపిల్ల రాత్రంతా తిరగేసి మరగేసి చూసుకుంది. ఏమీ తేలలేదు.

మంగళవారం టైలరత్త షాపుకెళ్ళింది. టైలరత్త ఎవరికో కొలతలు తీస్తోంది. పాతవీ కొత్తవీ కలిపి కార్బన్ల కట్టలన్నీ తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఇంకో ఆధారం దొరికితే టకటకమ్మ పని అయిపోయినట్టే. మొదటిది పట్టింది. ‘మూడు సంవత్సరముల.’ సరే. రెండోది పట్టింది. అందులో సైకిలు దొంగతనం. అక్కడా ‘మూడు సంవత్సరముల.’ మూడోది ఎవరో ఎవరి పళ్ళో రాలగొట్టిన కేసు. అక్కడా అదే. నాలుగు, ఐదు, తొమ్మిది... ఆ సైకిలు దొంగను సూదిపిల్ల ఎరుగును. రెండు నెలలు ఉండి వచ్చేశాడు. నిన్ననే వీధి మలుపులో కుళాయి బిగిస్తుంటే చూసింది. వాడికీ మూడేళ్ళేమిటి?

అడుగున ఒక కాగితం దొరికింది. ఒక్కసారే వాడినది. వరుస మొత్తం కడిగిన ముత్యంలా కనిపించింది. ‘మూడు సంవత్సరములకు మించిన శిక్ష విధించు అధికారము ఈ కోర్టుకు లేదు. అంతకు మించిన శిక్ష అవసరమని, కేసును పై కోర్టుకు పంపవలెనని ఈ కోర్టు భావించుట లేదు.’ దాని కింద ‘ముద్దాయికి’ అని ఉంది. తర్వాత ఖాళీ. ఆ తర్వాత ‘శిక్ష విధించడమైనది’ అని ఉంది.

ఆ ఖాళీని సూదిపిల్ల చాలాసేపు చూసింది. వెలుతురు అందులోంచి రావడం లేదు. అక్కడ ఏ అక్షరమూ పడలేదు, నలుపు నలుపుగానే ఉంది.

బంట్రోతు కొత్త కట్ట ఇవ్వడానికి వచ్చినప్పుడు మెల్లగా అడిగింది.

“అదా?” అని నవ్వాడాయన. “మా దొరగారి చాదస్తం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకడి మీద ఒళ్ళు మండి నాలుగేళ్ళు వేసేశాడు. నీకు మూడేళ్ళకు మించి వేసే అధికారం ఎవరిచ్చారయ్యా అని పై కోర్టు చీవాట్లు పెట్టి కొట్టేసింది. అప్పటి నుంచీ దోషి అని రాసిన ప్రతి తీర్పులోనూ తన హద్దు తనకే రాయించుకుంటాడు. మరిచిపోకుండా కోడలు కొంగుకు ముడేసుకున్నట్టు. అంకె మాత్రం ముద్దాయి ముఖం చూసి, వాడి మాట విని, అప్పుడు పెన్నుతో రాస్తాడు.”

సూదిపిల్ల తన సంచీలోని కార్బన్ తీసింది. దిండు గలీబు పరిచింది. ఆ కార్బన్ పెట్టి ఒక పువ్వు దించింది. పక్కన ఇంకోటి, దాని పక్కన ఆకులు, మళ్ళీ పువ్వు. కాగితం మీద ఎక్కడా ఒక్క అక్షరం మిగలకుండా గీసింది.

“పన్నెండు పూలెందుకే? వాళ్ళడిగింది నాలుగేగా!” అని అరిచింది టైలరత్త.

“ఉండనీ అత్తా, మిగతావి నా ఖాతా.”

లాయరుకు కాగితం పోయిందని చెప్పింది. ఆయన ముఖంలో దీపం ఆరిపోయింది. మొగుడికి ఫోన్ చేసింది.

“రండి. అది మీ శిక్ష కాదు, ఆ కోర్టు కొలత.”

“నీకెవరు చెప్పారే? ఆ పైవాటా ఆవిడా?”

“ఎవరూ చెప్పలేదు. ముప్పై నాలుగు కార్బన్లు చూశాను. అందరికీ అదే ఉంది.”

“అయితే నాకెంత పడుతుంది?”

“అది రాయలేదు. మీరు కనబడితే రాస్తారు. కనబడకపోతే ఇంకా ఎక్కువ రాస్తారు.”

గురువారం తాళాలాయన పని సంచీతో సహా వచ్చి తనంత తానే బోనెక్కాడు. సోమవారం ఎందుకు రాలేదని అడిగితే, “భయపడ్డానండీ” అన్నాడు. శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అంటే, “ఇల్లెవరిదో అడగాల్సింది. అడగలేదు. ఇక నుంచి పక్కింటివాళ్ళు వచ్చి చెబితేగానీ తీయను” అన్నాడు. మేజిస్ట్రేటు పెన్ను తీశాడు. కాగితం మీదికి వంగాడు. ఆగాడు. మూల వైపు చూశాడు.

“ఇంత ఇరుకుగా వదిలావేమమ్మా? చోటు చాలడం లేదు.”

టకటకమ్మ తల వంచుకుంది. మేజిస్ట్రేటు గొణుక్కుంటూ అందులోనే ఇరికించి రాసి, చదివాడు. నాలుగు నెలలు. దొరికినప్పుడు లాకప్పులో, జైల్లో ఉన్న ముప్పై ఎనిమిది రోజులు అందులోనే పోయాయి. మిగతావి ఉండి, తాళాలాయన చిక్కి, గడ్డంతో ఇంటికొచ్చాడు. ఇవాళ మళ్ళీ తాళాలు తీస్తున్నాడు. ఒక్కో తాళానికి ఇద్దరు సాక్షుల్ని అడుగుతున్నాడు. జనం విసుక్కుంటున్నారు.

తీర్పైన రోజు సాయంత్రమే సూదిపిల్ల గడప దగ్గర అడుగుల చప్పుడైంది. టకటకమ్మ మూడు నెలల తర్వాత మొదటిసారి కింది వాటా గడప దాటింది. చేతిలో మూతపెట్టిన గిన్నె, వెచ్చగా ఉంది.

“కూర్చో అక్కా,” అంది సూదిపిల్ల. గిన్నె అందుకుంది. మూత తీయలేదు. మెట్ల కమ్మీ మీద పడ్డ ఆ ఎనిమిది దెబ్బలు ఇంకా చెవిలో ఉన్నాయి. అందుకే ఇక చుట్టూ తిప్పకుండా అడిగేసింది. “నిజం చెప్పు. మా ఆయనకు ఎన్నాళ్ళో నీకు ముందే తెలుసా? నీ చెయ్యేమైనా ఉందా అందులో?”

టకటకమ్మ కుర్చీ చేతి మీద వేళ్ళు పెట్టింది. కొట్టలేదు.

“తెలియదు. ఎవరిదీ ఎప్పుడూ తెలియదు. నేను ఖాళీ వదులుతానంతే. ‘మూడు సంవత్సరములు’ అని సుఖంగా పట్టాలంటే బొటనవేలితో స్పేసు కడ్డీ పదహారుసార్లు కొట్టాలి. అందరికీ పన్నెండే కొడతాను, కాస్త తక్కువ రాస్తారేమోనని. ఎక్కువ వేయాలనుకున్నవాళ్ళు మార్జిన్లోకి పోయి మరీ రాస్తారనుకో, ఇరవై ఎనిమిదేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. అయినా కొడతాను. మీ ఆయనకు ఎనిమిదే కొట్టానే. ఆ బుధవారం ఇంటికొచ్చేదాకా తప్పు చేశానేమోనని బొటనవేలు లాగుతూనే ఉంది. ముందు ఆ గిన్నె మూత తియ్యి, చల్లారిపోతుంది.”